లాస్ట్ డేట్ ఎప్పుడమ్మా?

పోయిన ఏడు దసరాకి ముందు మూడు నెలలు నాకు డేట్, అదే నెలసరి, రాలేదు. పరీక్షల గొడవలో ఉన్నానేమో, నిజం చెప్పొద్దూ, హాయిగానే అనిపించింది. తీరా సిరిమాను పండగ దగ్గరపడ్డాక భయం పట్టుకుంది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ పూజారిని పొడుగాటి మాను చివర కూర్చోబెట్టి వీధుల్లో ఊరేగిస్తారు, అదే సిరిమాను. సరిగ్గా ఆ మంగళవారమే వస్తే? విజయనగరంలో మా పెద్దమ్మ ఇంట్లో చుట్టాలంతా దిగుతారు. బయట ఉన్న పిల్లకి పెరటి వసారాలో చాప, వేరే గ్లాసు.

రూమ్మేట్ ఉపాయం చెప్పింది. మందుల షాపులో ‘డేట్ ఆపే మాత్రలు’ అంటే చాలట. షాపతను చీటీ అడగలేదు, వయసు అడగలేదు. న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి, రోజుకి మూడు అన్నాడు. పండగ బ్రహ్మాండంగా జరిగింది. మాత్రలు ఆపిన మూడో రోజు మొదలైంది. ఇక ఆగలేదు, పదహారు రోజులు.

గంటన్నరకో ప్యాడ్. ద్రాక్షపండంత గడ్డలు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్ ముందు నిలబడితే దాని మీద గీతలు రెండేసి కనిపించాయి, రీడింగ్ పక్కమ్మాయిని అడిగి రాసుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే, “పెళ్లి కాని గుంటవి, ఆ ఆసుపత్రికెల్తే ఊర్లో ఏటనుకుంతారే? మునగాకు కూర తిను, తగ్గిపోద్ది” అంది. హాస్టల్లో అయితే అప్పటికే తీర్పు వచ్చేసింది: పీసీఓడీ, అండాశయాల్లో బుడగల జబ్బు. మా ఫ్లోర్‌లో నెల తప్పినా, మొటిమ లేచినా, కాస్త ఒళ్లు చేసినా అన్నిటికీ అదే పేరు.

పదిహేడో రోజు పొద్దున్నే రూమ్మేట్‌ని వెంటేసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. అమ్మానాన్నల సంతకం అడుగుతారేమోనని దారంతా బెంగ. ఎవరూ అడగలేదు. పద్దెనిమిది నిండినవాళ్లు సొంతంగా చూపించుకోవచ్చు, ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది.

ఓపీ చీటీ తీసుకుని గర్భిణుల వరసలో కూర్చున్నాను. నర్సమ్మ బల్ల దగ్గర రెండే ప్రశ్నలు. లాస్ట్ డేట్ ఎప్పుడమ్మా? తెలీదు, రాసుకోలేదు. పెళ్లయిందా? ఇది మాత్రం గది చివరికి వినిపించింది. కాలేదన్నాను. అరడజను తలలు ఇటు తిరిగాయి. ఆ ప్రశ్న అడగాల్సిందే, ఒప్పుకుంటాను. క్యూ అంతా వినేలా అడగక్కర్లేదు.

తర్వాత చిన్న డబ్బా చేతికిచ్చి యూరిన్ పట్టుకు రమ్మన్నారు. గర్భం పరీక్ష అని తెలిసి బాత్రూమ్‌లో ఏడ్చాను. డాక్టరమ్మ నా మొహం చూసి కూర్చోబెట్టి చెప్పింది. నెల తప్పి తర్వాత రక్తం పోతుంటే పెళ్లయినా కాకపోయినా ఈ పరీక్ష చేస్తారట, గర్భం ట్యూబులో నిలిస్తే ప్రాణం మీదకి వస్తుంది కాబట్టి. “నీ మీద అనుమానం కాదమ్మా. చూడకుండా వదిలేస్తే తప్పు నాదవుతుంది.” ఏమైనా మాత్రలు వాడావా అని కూడా అడిగింది. లేదని చెప్పాను. ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ అర్థం కాదు.

స్కానింగ్‌కి బ్లాడర్ నిండాలి. లీటరు నీళ్లు తాగి, కాళ్లు ముడుచుకుని బెంచీ మీద. ఎదురుగా ‘ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు, నలభైసార్లు చదివుంటాను. లోపల నుంచి గొట్టం పెడతారని హాస్టల్లో భయపెట్టారు. అదేం లేదు, పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి పైనుంచే చూశారు.

రిపోర్టులో అండాశయాల నిండా చిన్న చిన్న బుడగలు. అయితే పీసీఓడీయేనా మేడమ్ అన్నాను. పెద్దమనిషివి ఎప్పుడయ్యావంది. పదమూడులో. ఇప్పుడు పంతొమ్మిది. మొదటి ఎనిమిదేళ్లలో బుడగలు చాలామందికి కనిపిస్తాయి, ఆ వయసులో స్కాన్ చూసి పీసీఓడీ అని తేల్చకూడదంది.

తేల్చింది రక్తపరీక్ష. 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 8.4. థైరాయిడ్ కిట్లు లేవంటే బయట ల్యాబ్‌లో చేయించాను. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ 14.6. థైరాయిడ్ మందగిస్తే నెలసరి లెక్క తప్పుతుంది, వచ్చినప్పుడు బ్లీడింగూ ఎక్కువవుతుంది. క్లాసులో నిద్ర, దువ్వెన నిండా జుట్టు, ఇన్నాళ్లూ హాస్టల్ సాంబారు మీదకి నెట్టేశాను, పాపం.

ఆ రోజే ఖాళీ స్ట్రిప్పు బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. తిట్టలేదు. మూడు నెలలుగా గర్భసంచిలో పొర పేరుకుంటోందని, మాత్ర దాన్ని ఇంకొన్నాళ్లు పట్టి ఉంచిందని, ఆపగానే ఒక్కసారిగా ఊడిందని చెప్పింది. రక్తం గడ్డకట్టే జబ్బో, కాలేయం జబ్బో ఉన్నవాళ్లకి అది ప్రమాదమట. ఇవి వేసుకుంటే గర్భం రాదనుకునే అమ్మాయిలూ వస్తారని, అది కూడా తప్పేనని చెప్పింది. రూమ్మేట్ కళ్లు పెద్దవి చేసి వింది.

బ్లీడింగ్ తగ్గడానికి ఐదు రోజులకి సరిపడా మాత్రలిచ్చారు, మూడో రోజుకే ఆగింది. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టీకి గంట ముందు. ఐరన్ మాత్రకి దానికీ నాలుగు గంటల ఎడం. ఐరన్‌కి టీ దగ్గరగా ఉండకూడదు, నిమ్మరసం మంచిది. మా మెస్‌లో టీ ఆరున్నరకి వస్తుంది, ఆరూ నలభైఐదుకి గిన్నె అడుగు కనిపిస్తుంది. కాబట్టి ఐదున్నరకి అలారం, మొత్తం రూమ్ తిట్లు. ఐరన్‌తో విరేచనం నల్లగా అవుతుందని మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. కొత్త జబ్బనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు.

ఆరు వారాలకి టీఎస్‌హెచ్ 5.1కి దిగింది. ఆ విడత అమ్మ కూడా వచ్చింది, చీపురుపల్లి నుంచి పాసింజర్లో, సీసాలో చోడి (రాగి) అంబలి పట్టుకుని. లాస్ట్ డేట్ అని నర్సమ్మ అనగానే ఫోన్ తీసి మొదలైన రోజు, ఆగిన రోజు, రోజుకెన్ని ప్యాడ్లు, అన్నీ చదివాను. అమ్మ పక్కకి తిరిగి గోడ చూసింది. నర్సమ్మ మాత్రం చకచకా రాసుకుంది.

ఈ ఏడు సిరిమాను నాకు రెండో రోజు పడింది. మాత్రలు వేసుకోనని ముందే చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. “సరే, గుడిలోకి రాకు. సిరిమాను ఎలాగూ వీధిలోనే తిరుగుద్ది” అంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడ్డాను. సిరిమాను దగ్గరికి వస్తుంటే పెద్దమ్మ, విసరమని, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టింది. ఒకటి విసిరాను. రెండోది ఆకలేసి తినేశాను.