భీమిలి బస్సులో సింగపూర్ సలహాలు

సింగపూర్ లో ఉంటున్నానని తెలిస్తే చాలు, వైజాగ్ లో మనకి అడక్కుండా వచ్చే ఉద్యోగం ఒకటుంది, ట్రావెల్ ఏజెంట్ ఉద్యోగం. జీతం ఉండదు, సెలవులూ ఉండవు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు కూడా అదే అయ్యింది. మావాడు, పదో తరగతి నుంచి ఫ్రెండు, మార్చిలో ఫ్యామిలీతో అటొస్తున్నాడంట, ఓ పూట కూర్చుని అన్నీ మాట్లాడదాం రా అన్నాడు. కూర్చోడం దేనికిరా, భీమిలి వెళ్ళి చాన్నాళ్ళయింది, బస్సులో వెళ్తూ మాట్లాడుకుందాం అన్నా. కారుండగా బస్సేటి గురూ అని నవ్వాడు గానీ వచ్చాడు, వాళ్ళావిడ, ఏడేళ్ళ పాప కూడా.

ఆర్టీసీ కాంప్లెక్స్ లో భీమిలి వెళ్ళే 900కె బస్సు కోసం నిలబడ్డాం. బస్సు ఇంకా పూర్తిగా ఆగనేలేదు, మావాడు పక్కనే పరిగెడుతూ కిటికీలోంచి కర్చీఫ్ లోపలికి విసిరేశాడు. నీలం గళ్ళ కర్చీఫ్, గాలికి ఎగిరిపోకుండా ఓ మూల ముడి కూడా వేసి రెడీగా పెట్టుకున్నాడు వెధవ. ఎక్కితే కాలు పెట్టే సందు లేదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ కదా, చెల్లెమ్మ ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిచ్చాడు. అంత జనంలోనూ ఆ కర్చీఫ్ సీటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే సింగపూర్ హాకర్ సెంటర్లలో, అంటే బోల్డు తిండి స్టాళ్ళుండే హాళ్ళలో, సరిగ్గా ఇదే పద్ధతి, టేబుల్ మీద ఓ టిష్యూ ప్యాకెట్ పడేసి తిండి తెచ్చుకోడానికి లైన్లోకి వెళ్ళిపోతారు, ఇంక ఆ టేబుల్ జోలికి ఎవరూ రారు, దాన్ని అక్కడ చోప్ చెయ్యడం అంటారు. నేను వెళ్ళిన కొత్తలో పాపం ఎవరో మర్చిపోయారనుకుని ఆ ప్యాకెట్ పట్టుకుని మనిషి కోసం హాలంతా తిరిగాను, టేబుల్ గలవాళ్ళు అన్నం ప్లేట్లతో వచ్చి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మొదటి సలహా అదే ఇచ్చా, కర్చీఫ్ మానేసి టిష్యూలు కొనుక్కో అని. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి అది రూలు, పెట్టకపోతే ఫైన్ దాకా వెళ్తుంది అని కూడా చెప్పా.

అప్పూఘర్ దాటి కుడిపక్క సముద్రం వచ్చేసరికి పాప కిటికీకి అతుక్కుపోయింది. మావాడు మాత్రం సముద్రం చూడకుండా వీసా గొడవ ఎత్తాడు. చూడు, మన పాస్‌పోర్ట్ కి వీసా కావాలి, ఆథరైజ్డ్ ఏజెంట్ ద్వారా పెట్టుకోవాలి, గవర్నమెంట్ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఆ పైన ఏజెంట్ ఎంతంటే అంత. పాస్‌పోర్ట్ కి ఆర్నెల్లు టైముండాలి. అది కాక అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్ ఫామ్ ఒకటుంది, దిగే ముందు మూడ్రోజుల్లోపు నింపాలి, అది పూర్తిగా ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనిపించిందంటే అది దొంగ సైటే, మా బంధువొకాయన ముగ్గురికీ కట్టేసి కూర్చున్నాడు. మెట్రోకి టికెట్ కొనక్కర్లేదు, మీ వీసా కార్డో మాస్టర్ కార్డో గేటు దగ్గర తడితే చాలు. లోపల తినకూడదు, తాగకూడదు, పాపకి ముందే చెప్పి ఉంచు. కుళాయి నీళ్ళు నిక్షేపంలా తాగొచ్చు, బాటిళ్ళకి తగలెయ్యకండి. చెల్లెమ్మ ఇవన్నీ ఫోన్లో టైప్ చేస్తానే ఉంది, రుషికొండ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూళ్ళేదు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే దగ్గర కాసేపు నిలబడి, డచ్ వాళ్ళ సమాధుల దాకా నడిచాం. ఎక్కడో హాలండ్ నుంచి వ్యాపారానికొచ్చి ఇక్కడ మట్టిలో కలిసిపోయారు. వీళ్ళకి ఎవడు సలహాలిచ్చాడో అన్నాడు మావాడు.

తర్వాత బీచ్ లో మురీ మిక్చర్. బండాయన స్టీల్ డబ్బాలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ్గుళ్ళు వేసి గరిటెతో టకటకా కొట్టి, నిమ్మకాయ పిండి, పేపర్ పొట్లంలో పోసిచ్చాడు. నేనిస్తానని హీరోలాగా 500 తీశా. చిల్లర నేదు బాబూ, ఫోన్‌పే కొట్టండి అన్నాడు. నా ఫోన్లో ఉన్నది సింగపూర్ నంబరు. ఎన్నారైలకి ఆ నంబర్ మీద కూడా యూపీఐ ఇస్తున్నారు, రేపు చేస్తా రేపు చేస్తా అని నేనే వదిలేశా. అంకుల్ దగ్గర ఫోన్‌పే లేదా అని పాప గట్టిగా అడిగింది, పక్క బండి వాళ్ళకి కూడా వినపడేలాగా. మావాడు స్కాన్ చేసి, వచ్చేటప్పుడు కాసింత చిల్లర పట్టుకురావాలి గురూ, ఇది నా సలహా అన్నాడు. ఏం మాట్లాడను.

రాత్రి ఎంవీపీ కాలనీలో వాళ్ళింట్లో భోజనం. వాళ్ళమ్మగారిని నేను పిన్నీ అంటా. ఆవిడ అప్పటికే చికెన్ మసాలా పట్టించి రెండు కవర్లు కట్టారు, ఒకటి వీళ్ళకి, ఒకటి నాకు. ఇందులో గసగసాలు వేశావా పిన్నీ అంటే, వెయ్యకుండా ఉంటానా అన్నారు గర్వంగా. అసలు చెప్పాల్సింది అప్పటిదాకా నేను చెప్పనేలేదని అప్పుడు వెలిగింది. గసగసాలంటే నల్లమందు మొక్క గింజలే కదా, సింగపూర్ లో పర్మిషన్ లేకుండా తేకూడదు, అది డ్రగ్స్ చూసే డిపార్ట్‌మెంట్ కిందకొస్తుంది, అక్కడ డ్రగ్స్ మాట చాలా సీరియస్. నేనే మొదటి రెండేళ్ళు తెలీక మోసుకెళ్ళాను, తెలిశాక వారం నిద్ర పట్టలేదు. కొన్ని దగ్గు సిరప్పులు, నిద్ర మాత్రలు కూడా ముందే కనుక్కుని తీసుకెళ్ళాలి, వేప్, అదే ఈ-సిగరెట్, అయితే అసలే వద్దు అని అన్నీ గబగబా చెప్పేశా. మావాడు రెండు కవర్లూ చేత్తో పట్టుకుని బాంబులాగా దూరంగా పెట్టాడు.

పిన్ని మాత్రం, గసగసాలు నేకపోతే అది మసాలేటి బాబూ, ఉప్పూ కారవే కదా అని ఆ రాత్రంతా అలిగారు. తెల్లారి జీడిపప్పు వేసి మళ్ళీ పట్టించారంట.

నేను తిరిగొచ్చేశాక రోజుకో ఆడియో మెసేజ్ వస్తోంది ఆవిడ దగ్గర్నుంచి, పోపుల డబ్బా ముందు పెట్టుకుని ఒక్కో గింజా అడుగుతున్నారు. సోమవారం నువ్వులు, మంగళవారం మెంతులు. నిన్న ఆవాలు. పర్లేదు పిన్నీ అని పెట్టా.