ముందు సభకు, తరువాతే సభాపతికి

శివుడి గుడిలో చదివే రుద్రంలోని నమకం, దాని మూడో అనువాకం (విభాగం) చివర్లో ఒక మాట వస్తుంది: "నమస్సభాభ్యస్సభాపతిభ్యశ్చ వో నమః". నమస్కారం ముందు సభకు, ఆ తరువాతే సభాపతికి. నాలుగో అనువాకంలోనూ ఇదే వరస. "గణేభ్యో గణపతిభ్యశ్చ", "సేనాభ్యస్సేనానిభ్యశ్చ", ఆఖరున "శ్వభ్యశ్శ్వపతిభ్యశ్చ". అంటే కుక్కకు దండం పెట్టాకే దాన్ని పెంచినవాడి వంతు! జంటలన్నీ ఇలాగే ఉంటాయని కాదు, "మహద్భ్యః క్షుల్లకేభ్యశ్చ" అన్నచోట పెద్దలే ముందున్నారు. కానీ ఈ రెండు అనువాకాల్లో ఫలానాదీ, దాని పతీ అని జతగా వచ్చినచోటల్లా పతి రెండోవాడే.

ఈ వరసను కళ్ళతో చూడాలంటే కనుమ నాడు కోనసీమ వెళ్ళాలి. "కనుమ నాడు కాకైనా కదలదు" అంటాం. ఆ రోజే అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో సభ తీరడానికి పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, భుజాల మీద మోసే ఎత్తయిన వెదురు ప్రభలెక్కి బయల్దేరతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి. తోటలో గుడి లేదు, గోపురమూ లేదు. ఉన్నవల్లా కొబ్బరిచెట్లే. ఏ ఒక్క దేవుడి గుడిలోనో ఈ సభ పెడితే మిగిలిన పదిమందీ అతిథులైపోయేవారు.

కాలం సంగతి కూడా చూడండి. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది నిజానికి డిసెంబరు 21, 22 తేదీల్లో. మన పంచాంగం నక్షత్రాలను బట్టి లెక్క కడుతుంది, సూర్యుడు మళ్ళే ఆ అయనబిందువేమో నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతూ వస్తోంది. అందుకే మకర సంక్రమణం జనవరి 14, 15కు వచ్చింది. డెల్టాలో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. కనుమ నాటికి దానికి కలిసేది ఆరేడు నిమిషాలే. అదీ సాయంత్రం వైపే కలుస్తుంది. పొద్దు పొడవడం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. మలుపు తిరిగి మూడు వారాలు దాటినా తెల్లవారుజాము చూసేవాడికి ఆ సంగతి తెలియదు. ప్రభలు కదిలేది అలాంటి రోజుల్లో.

ప్రభ కట్టడం ధనుర్మాసంలోనే మొదలుపెట్టుకోవాలి. కింద భారం మోసే దుంగలు, వాటి మీద వంచి కట్టిన వెదురు చట్రం, ముందువైపు రంగుల నూలు, గుడ్డలు, వరి కంకులు, జేగంటలు. నడుమ స్వామి ఉత్సవమూర్తి. పచ్చి వెదురుతో హడావిడిగా కడితే, అది ఎండి సన్నబడేకొద్దీ కట్లు వదులవుతాయి. ఊళ్ళో నిటారుగా నిలబడ్డ ప్రభ చేలోకి దిగేసరికి ఒక పక్కకు ఒరిగేది అందుకే. పక్క ఊరి ప్రభ కంటే రెండు మూరలు ఎత్తుండాలన్న పంతం దీనికి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు ఎక్కువవుతుంది, దారిలో కరెంటు తీగలూ అడ్డమే. దారంతా ముందురోజే నడిచి చూసి, ఏ తీగ ఎక్కడుందో విద్యుత్ సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపే వేళ ఖాయం చేసుకోవాలి. ఈ పని చేసినవాడి పేరు మైకులో ఎవరూ చదవరు. నమకం మాత్రం "తక్షభ్యో రథకారేభ్యశ్చ" అని వడ్రంగులకూ, రథం చేసేవాళ్ళకూ నమస్కారం పెట్టే ముందుకు సాగింది.

ప్రభ మోయడంలో ఒక సూక్ష్మం ఉంది. వరసలో ఒక్కడు పొడగరి అయితే బరువంతా అతని భుజం మీదే పడుతుంది, పక్కనున్న పొట్టివాడి భుజం దుంగకు తగలనే తగలదు. కాబట్టి ఈడూ జోడూ చూసి నిలబెట్టాలి. భుజం మార్చుకునేటప్పుడు అందరూ ఒకేసారి వంగకూడదు. ఇంకొకటి, అడుగు చెప్పేవాడు దుంగ కింద ఉండకూడదు. కింద ఉన్నవాడికి పైకొస ఊగడం కనబడదు. అతను ఎదురుగా, కాస్త దూరంలో నడవాలి, నోరు అతనొక్కడిదే కావాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి "ఇటు, ఇటు" అని అరిస్తే ప్రభ చేలో ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది.

గంగలకుర్రు, అగ్రహారం ప్రభలకు కౌశిక నది దాటడం ఉంది. నీళ్ళు ఛాతీ దాకా వస్తాయి, అడుగున బురద. "అశ్శరభ శరభ" అన్న కేక అక్కడ భక్తే కాదు, అడుగుకు తాళం కూడా. ఒడ్డెక్కాక దారి పచ్చటి చేల మీదుగానే. మడి తొక్కారని రైతు గొడవపడడు, రుద్రుడు తన చేలో అడుగుపెట్టాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. కాకపోతే శకటం మీద కౌశిక ఉండదు కదా.

తోటలో పెద్దరికం రెండు చోట్ల ఉంది. సభకు అధ్యక్షుడు వ్యాఘ్రేశ్వరుడు. ఆయన ప్రభ వచ్చేసరికి అప్పటికే చేరినవాళ్ళు తమ ప్రభలను ఒక్కసారి పైకి లేపి దించుతారు. జనం చూడ్డానికి ఎగబడేది ఆ క్షణం కోసమే. నాకు మాత్రం రెండో పెద్దరికమే గొప్పదనిపిస్తుంది. తోట మొసలపల్లిది కాబట్టి ఆ ఊరి మధుమానంత భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చేవాడు. అందరికంటే ముందు వచ్చి నిలబడేది ఆయనే. అధ్యక్షుడు వస్తున్నాడంటే ఆయన ప్రభా లేవాల్సిందే, తోట నాది కదా అని కూర్చోవడం లేదు.

పొద్దు వాలేసరికి, నది దాటాల్సినవాళ్ళకు తొందర మొదలవుతుంది. ఒక్కొక్క ప్రభా తోట దాటుతుంది. సన్నాయిలు దూరమవుతాయి, డప్పులు చేల అవతలికి వెళ్ళిపోతాయి, జీళ్ళ దుకాణాలవాళ్ళు పట్టాలు మడుస్తుంటారు. ఆఖరి అతిథి వెళ్ళేదాకా భోగేశ్వరుడి ప్రభ కదలదు.