అటక మీది కాయలు

పుష్యమాసంలో మామయ్య పోయినప్పుడు పదో రోజుకు వెళ్ళి, ఒక్క రాత్రి ఉండి తిరిగివచ్చాను. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాను. నిజానికి అడగలేదు. అడిగితే దొరికేదే.

పది నెలలకు అత్తయ్య ఫోను చేసింది. "మీ మామయ్య అటకెక్కించిన కొబ్బరికాయలు కురిడీ అయ్యాయి బాబూ. ఆదివారం దింపిస్తున్నాను. వీలుంటే రా" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను నోరు తెరిచి రమ్మనడం అదే మొదలు.

హైదరాబాదు నుంచి అమలాపురానికి రావులపాలెం మీదుగా తిన్నగా బస్సులున్నాయి. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారాక దిగవచ్చు. నేను మాత్రం రైల్లో కాకినాడ వెళ్ళి, అక్కడి నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరాను. చుట్టుదారే. కాని నాకు మామయ్య చూపించిన దారి అది. నన్ను కాకినాడలో పాలిటెక్నిక్‌లో చేర్చడానికి తీసుకెళ్ళిన రోజు సైకిలు వెనక బియ్యం బస్తా కట్టి, దాని మీద నా ట్రంకుపెట్టె ఎక్కించి, రేవు దాకా నడిపించుకుంటూ వచ్చాడు. నేను పక్కన చేతులూపుకుంటూ నడిచాను. పెట్టె పట్టుకోనా అని అడిగిన గుర్తు కూడా లేదు.

కార్తికమాసం కావడంతో కోటిపల్లి రేవు స్నానాలవాళ్ళతో కిటకిటలాడుతోంది. సోమేశ్వరుడి గుడి నుంచి తడిబట్టలతో వస్తున్నవాళ్ళు, అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నవాళ్ళు. వాళ్ళను తప్పించుకుంటూ పంటు ఎక్కాను. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన అదే పంటు. మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు, మేకపిల్లను చంకలో పెట్టుకున్న ముసలాయన. గౌతమిలో వరద తగ్గి నీళ్ళు తేటపడ్డాయి. నది మధ్య రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. 2000-01 బడ్జెట్లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైను తాలూకువి. అప్పుడు లోక్‌సభ స్పీకరు మా ప్రాంతం మనిషి బాలయోగి. రైలు వచ్చేస్తుందని ఊళ్ళో అందరూ మురిసిపోయారు. 2002లో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ తరువాత ఎప్పుడు పంటు ఎక్కినా మామయ్య ఆ వైపు చూసి "నా కొబ్బరి మొక్కలే నయం, వేసిన ఏడేళ్ళకు కాపుకొచ్చాయి" అనేవాడు. ఆయన నోట నేను విన్న వేళాకోళాలు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో అదొకటి.

ఆ మొక్కల సంగతి చెప్పాలి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. దీపావళికని ముందే వెళ్ళాను. ఆ రాత్రి కోనసీమలోనూ చుట్టుపక్కలా వెయ్యిమందికి పైగా పోయారని తరువాత తెలిసింది. మేము పెంకులు ఎగిరిపోయిన ఇంట్లో మంచం కింద కూర్చుని బతికాం. తెల్లవారాక చూస్తే మామయ్య ఎకరంన్నర తోటలో తొంభై చెట్లకు పదకొండు నిలబడి ఉన్నాయి. మిగిలినవి ఒకదాని మీద ఒకటి, అగ్గిపెట్టె ఒలికినట్టు. కొన్ని మొదలుతో సహా లేచిపోతే, కొన్ని నడుముకు విరిగాయి. ఊరంతా అలాగే పడి ఉంటే మొద్దులు ఎవరు కొంటారు? ఆ వారమంతా పడిన చెట్ల మొవ్వు కోసుకుని తిన్నాం. తెల్లగా, తియ్యగా, కరకరలాడుతూ ఉంటుంది. చెట్టు చస్తే తప్ప దొరకని తిండి అది. పిల్లలం ఎగబడి తిన్నాం. మామయ్య ఒక్క ముక్క నోట పెట్టలేదు.

సంక్రాంతి దాకా మొద్దులు కోశాడు. కోసి, మోసి, గోతులు తవ్వి, మొక్కలు పెట్టాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. కాపు వచ్చేదాకా తిండికి కౌలుకు మూడెకరాల వరి, ఊళ్ళోవాళ్ళ తోటల్లో దింపు. కాళ్ళకు తాడు బందం వేసుకుని రోజుకు ఎన్ని చెట్లెక్కేవాడో నేను లెక్కపెట్టలేదు. అరికాళ్ళు మాత్రం చూశాను. పగుళ్ళలోకి రూపాయి బిళ్ళ దూరేది. సొంత తోట ఉన్న రైతు పక్కవాడి చెట్టెక్కి కాయ దింపడమేమిటని బంధువుల్లో గుసగుసలు నడిచాయి. అవి ఆడినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. నా కాలేజీ ఫీజు ఆ దింపు కూలి నుంచే వచ్చిందని నాన్నకు తెలియదనుకోను.

2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంటవిరామం ప్రకటించి, వేల ఎకరాల్లో సార్వా వరి వేయడం మానేశారు. మామయ్యా వేయలేదు. కాని కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం ఆయనకు చేతకాదు. నేను వెళ్ళేసరికి మోకాలి లోతు బురదలో దిగి, చేను పక్క మురుగు కాలువలో గుర్రపుడెక్క లాగుతున్నాడు. "విరామం పంటకు గాని నాకు కాదుగా" అన్నాడు. ఇది రెండో వేళాకోళం.

ముక్తేశ్వరం రేవులో దిగి అయినవిల్లి వైపు ఆటో ఎక్కాను. దారి పొడవునా కొబ్బరి ఆకులు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. తెల్లదోమ. దోమ విసర్జించే జిగురు మీద బూజు పట్టి అలా నల్లబడతాయి. సినిమాల్లో కనబడే పచ్చటి కోనసీమ దూరం నుంచి తీసినది కాబోలు.

ఇంటి ముందు అప్పటికే పని నడుస్తోంది. తెలియనివాళ్ళకు ఒక మాట: ముదిరిన కాయను డొక్క, అంటే పైపీచు, తీయకుండా అటక మీద నీడన ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా వదిలేస్తే, లోపలి నీరు ఇంకిపోయి కొబ్బరి చిప్ప నుంచి విడివడి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్లో దాని రకాలను గండేరా, గటగట అని పిలుస్తారు. రెండో పేరు చప్పుడును బట్టి పుట్టి ఉంటుందని నా ఊహ. నీటికాయగా అప్పటికప్పుడు అమ్ముకుంటే డబ్బు వెంటనే వస్తుంది. ఏడాది ఆగగలిగినవాడికే కురిడీ. పోవడానికి పదిహేను రోజుల ముందు మామయ్య, ఆయాసపడుతూనే నిచ్చెన ఎక్కి కాయలు సర్దాడట. వద్దంటే వినలేదట.

ఒలుపు మనుషులు ఇద్దరు నేలలో పాతిన గునపాలకు గుచ్చి డొక్క తీస్తున్నారు. నేను అటకెక్కాను. కింద నుంచి చూస్తే గుట్టలా కనబడింది గాని, ఎక్కి చూస్తే వరసలు. ముచ్చికలన్నీ ఒకే వైపు తిప్పి పేర్చాడు. అది పని కోసం చేసిందో అలవాటో తెలియదు. ఒక్కొక్కటే అందిస్తూ పోయాను. గంటకే నా నడుము పట్టేసింది. కింద కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నాడు.

ఒలిచిన కాయను అత్తయ్య చెవి దగ్గర ఊపి చూసి రాశిలో వేస్తోంది. నాకూ ఒకటి ఇచ్చింది. ఊపాను. లోపల గట గట.

సాయంత్రానికి అటక ఖాళీ అయింది. మూల నుంచి చివరగా తీసిన ఒక కాయ ఊపితే చప్పుడుకు బదులు నీళ్ళు కదిలాయి. అత్తయ్య కూడా ఊపి చూసింది.

"ఇంకా నీరుంది. ఎక్కించు" అంది.

మళ్ళీ నిచ్చెన ఎక్కి, ముచ్చిక గోడ వైపు తిప్పి పెట్టి వచ్చాను.