ఆల్టో శాక్స్‌కి ఏ మౌత్‌పీస్, ఏ రీడ్

మొన్న పాలకొల్లులో పెళ్లి ఊరేగింపు అయ్యాక బ్యాండ్‌లో శాక్సొఫోన్ వాయించే బాబాయ్ నా ఆల్టో శాక్స్ (శాక్సొఫోన్‌లో ఒక రకం) మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, తీసుకుని, అంచు వేలితో తడిమి చూసి, "ఇంత ఓపెన్ దానికి మూడో నెంబర్ రీడ్ ఏంట్రా, దవడ నొప్పెట్టట్లా?" అన్నాడు, నిజంగానే నొప్పెడుతోంది. రీడ్ అంటే మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి రెల్లు పలక, ఊదితే అదే కంపిస్తది, నెంబర్ పెరిగేకొద్దీ గట్టిగా ఉంటది. టిప్, అంటే మౌత్‌పీస్ కొసకీ రీడ్‌కీ మధ్య సందు, ఎంత తెరుచుకుని ఉంటే రీడ్ అంత మెత్తగా ఉండాలంట, ఇదొక్కటి ముందే తెలిసుంటే నాకు ఆర్నెల్లు కలిసొచ్చేవి. నేర్చుకునేవాళ్లకి యమహా 4సీ మౌత్‌పీస్ చాలు, టిప్ ఓపెనింగ్ 1.6 మిల్లీమీటర్లే, 2 గానీ 2.5 గానీ రీడ్ వేస్తే కింది స్వరాలు కూడా హాయిగా పలుకుతాయి. గమకాలు కావాలంటే మరీ గట్టి రీడ్ అసలొద్దు, పెదవి మాట వినదు. ఇంకోటి, మన గోదారి గాలిలో తేమ ఎక్కువ కదా, వాయించాక రీడ్ అలాగే వదిలేస్తే బూజు పట్టేస్తది, తుడిచి ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోండి.