ఈ వయసులో పూసలేంటమ్మా

"క్రింజ్" అంది మా అమ్మాయి, అంటే చూడ్డానికే ఎబ్బెట్టుగా ఉందని. కారెక్కి బ్యాగు వెనక సీట్లో పడేసిందో లేదో, స్టీరింగు మీదున్న నా చెయ్యి చూసి అన్న మాట అది. పద్నాలుగేళ్ల పిల్ల, పుట్టిందీ పెరిగిందీ టెక్సస్‌లోనే. కానీ ఆ మాట అంటూ మూతి తిప్పిన తీరు మాత్రం అచ్చం తెనాలిలో మా మేనత్తదే. పైగా తన చేతికి అలాంటివే మూడున్నాయి.

నా చేతికున్నది ప్లాస్టిక్ పూసల దండ. మధ్యలో తెల్ల పూసల మీద ఇంగ్లిషు అక్షరాల్లో "నాటు నాటు" అని ఉంటుంది. ఇచ్చింది ఆఫీసులో నా పక్క సీటావిడ. మాది మెడికల్ బిల్లింగు. ఇన్సూరెన్సు వాళ్లు తిప్పికొట్టిన క్లెయిములు తవ్వి, కోడ్ సరిచేసి మళ్లీ పంపడం మా పని. ఆవిడకి అరవై ఒకటి, ఒక మోకాలికి ఆపరేషన్ కూడా అయింది.

2023 మార్చి 12, ఆదివారం రాత్రి "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చింది. సోమవారం పొద్దున్నే ఆవిడ నా దగ్గరికొచ్చి, "అది మీ భాష పాటేనట కదా, ఆ స్టెప్పు నేర్పించు" అంది. బ్రేక్ రూములో కాఫీ మెషిన్ పక్కన బాగున్న కాలు ఒక్కటే ఆడిస్తూ నేర్చుకుంది. నేనేమో ఎవరైనా వస్తారేమోనని ఓ కన్ను తలుపు మీదే ఉంచి నేర్పాను.

ఆ నెలాఖరుకే పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ మా పక్కనున్న ఆర్లింగ్టన్ స్టేడియంలో మార్చి 31 నుంచి మూడు రాత్రులు పాడింది. ఏదో పాటలో పూసల దండల మాట వస్తుందని, అభిమానులంతా దండలు గుచ్చుకుని వెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్లతో మార్చుకోవడం మొదలెట్టారు. మా పక్క సీటావిడ ఒక్కతే వెళ్లింది. ఆ మోకాలితోనే మూడు గంటల పైన నిలబడిందట. సోమవారం మోచేతి దాకా దండలతో వచ్చి, ఒకటి తీసి నా చేతికి తొడిగింది. "ఎంతమంది అడిగినా ఇది ఇవ్వలేదు, నీకోసం గుచ్చింది" అంది.

నాకు థాంక్యూ కూడా సరిగ్గా నోట రాలేదు. మొదట అనుకున్నది, ఈ వయసులో ఈవిడకి ఇదేం సరదా అని. వెంటనే, నన్ను చూసి కూడా అదే అనుకుంటారేమోనని. నాకు నలభై ఆరు.

మా అమ్మ నలభై దాటగానే ముదురు రంగు చీరలన్నీ బీరువాలో పెట్టేసింది. అక్క పెళ్లీడుకొచ్చింది కదా అని. ఎవరూ పెట్టమనలేదు. నేనూ అంతే. కిందటిసారి ఇండియా వెళ్లినప్పుడు మిరపపండు రంగు చీర తీయించుకుంటే, షాపతను "ఇది మీ పాపకా మేడం?" అన్నాడు. అవునని చెప్పి, నాకు లేత బూడిదరంగుది తెచ్చుకున్నా. ఇన్సూరెన్సు వాళ్లు కూడా క్లెయిము తిప్పికొడితే కారణం రాసి పంపుతారు. నాకు ఎరుపు ఎందుకు వద్దో మాత్రం ఎవరూ రాసి పంపలేదు, నేనే ఒప్పేసుకున్నా.

మన దగ్గర అందరికీ ఇంతేనా అంటే, కాదు. 2022 డిసెంబరు 31న పవన్ కళ్యాణ్ పాత "ఖుషి" మళ్లీ విడుదలైతే, నలభై తొమ్మిదేళ్ల మా అన్నయ్య థియేటర్లో కాగితాలు చించి ఎగరేసి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చాడు. వదిన పుక్కిలించమని ఉప్పునీళ్లు కాచి ఇచ్చింది. అంతే. తర్వాత సంక్రాంతికి 62 ఏళ్ల బాలకృష్ణ, 67 ఏళ్ల చిరంజీవి ఒక్కరోజు తేడాతో వచ్చి స్టెప్పులేశారు. రెంటిలోనూ హీరోయిన్ శ్రుతి హాసనే, అప్పటికి ఆమెకి 37 నిండలేదు. ఇక్కడ హాల్లో మగవాళ్లు ఒకటే ఈలలు. ఈల నాకూ వచ్చు, చిన్నప్పుడు అన్నయ్యే నేర్పాడు. వేయలేదు.

అలాగని ఇక్కడంతా బ్రహ్మాండమని కాదు. మా పక్క సీటావిడ కొడుకు డెన్వర్‌లో ఉంటాడు, ఫోను ఎప్పుడో నెలకోసారి. మన దగ్గరైతే అలాంటి కచేరీకి పిన్నో వదినో తోడు రాకుండా ఉంటుందా? వచ్చి, పక్కన నిలబడి "ఆ గంతులేంటే" అని కూడా అంటుందనుకోండి. ఏ విషయమెత్తినా చివరికి మనవాళ్ల వైపే లాగుతావు అంటాడు మా ఆయన. లాగుతాను మరి.

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటుంటే పట్టేసింది.

"ఏంటే అది, ఇలా చూపించు."

చూపించా. కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూసింది.

"పూసలు బానే ఉన్నాయి గానీ, ఆ బోసి చేతులేంటే? పక్కన రెండు ఎర్ర గాజులు వేసుకో."