నాన్న బుల్లెట్‌లో ఆయిల్ పంప్ సామాను ముందే మార్చాలా వద్దా - నా అనుభవం

మా నాన్నది 1996 మోడల్ బుల్లెట్ 350, పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్, గేర్లు కుడికాలికి బ్రేక్ ఎడమకాలికి ఉండే బండి, ఇప్పుడు నేనే నడుపుతున్నా. వరంగల్ నుంచి భద్రాచలం, చింతూరు, అక్కణ్ణుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమండ్రి దాకా దీని మీదే పోవాలని ఫిక్స్ అయ్యాక మొదలైంది ఈ డౌట్. నాన్నకి గుర్తున్నంతవరకు పిస్టన్ పని చేయించారు, క్లచ్ ప్లేట్లు మార్పించారు, ఆయిల్ పంపుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. బండేమో బానే నడుస్తోంది. మరి ఇప్పుడే మార్చేయాలా, పోయినప్పుడు చూసుకోవాలా?

వేరే పార్ట్ అయితే పోయినప్పుడే చూద్దాంలే అనుకునేవాణ్ణి. క్లచ్ కేబుల్ తెగేముందు గట్టిపడుతుంది, చైన్ అరిగితే చప్పుడు చేస్తుంది, ఏదో ఒకటి ముందే తెలుస్తుంది. ఈ ఇంజిన్‌లో ఆయిల్ ఆగిపోతే చెప్పే లైటూ లేదు మీటరూ లేదు. పైగా ఇందులో పంపులు రెండు, ఒకటి ట్యాంక్ నుంచి ఆయిల్ తీసుకుని ఫిల్టర్ దాటించి క్రాంక్ (పిస్టన్ కదలికని తిరుగుడుగా మార్చే షాఫ్ట్) కొస నుంచి, పిస్టన్ కడ్డీ దానికి తగిలే చోటైన బిగ్ ఎండ్‌కి పంపే ఫీడ్ పంప్, ఇంకోటి కిందకి దిగిన ఆయిల్‌ని లాగి పైన రాకర్లకీ (వాల్వులు తెరిచే చేతులు) తిరిగి ట్యాంక్‌కీ పంపే రిటర్న్ పంప్. ఈ రెండూ తిరిగేది ఒకే స్పిండిల్ (సన్న ఇరుసు) మీద, ఆ స్పిండిల్‌ని తిప్పేది క్రాంక్ కొసన ఉండే వార్మ్ (స్క్రూ లాంటి గేరు). ఆ స్పిండిల్ పళ్ళు కొట్టుకుపోయాయంటే రెండు పంపులూ ఒకేసారి ఆగిపోతాయి, బండి మాత్రం ఏమీ ఎరగనట్టు కాసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ పాత ఇంజిన్లలో బిగ్ ఎండ్‌కి ఫ్లోటింగ్ బుష్ (ఆయిల్ పొర మీద తిరిగే లోహపు గొట్టం), అది బతికేదే ఆయిల్ మీద. అది పట్టేసిందంటే ఇంజిన్ మొత్తం దించి, క్రాంక్ విడదీసి, ప్రెస్సు పని చేయించాలి. చింతూరు దాటాక అడవిలో సిగ్నల్ కూడా అందని చోట అట్లాంటిది జరిగితే ఏంటి పరిస్థితి అనేదే నా బుర్రలో తిరిగింది.

మా మెకానిక్ అన్న ముప్పై ఏళ్ళ పైనుంచి బుల్లెట్లు చేస్తున్నాడు. ఆయన్ని అడిగితే ఒకటే మాట, "నడిచే బండిని ఎందుకు గెలుకుతవ్ తమ్మీ, కంపెనీ పంపు ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తది." స్పేర్ పార్ట్స్ షాపులో అడిగితే పూర్తి రివర్సు, పెద్ద పంపులు వచ్చినయి సార్, పాతవి పారేసి అవే వేసేయండి అని. ఇద్దరి మాటా నాకు పూర్తిగా ఎక్కలేదు. అన్న చెప్పినదాంట్లో పాయింట్ ఉంది, ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఆ ప్లంజర్లు (పంపులో ముందుకీ వెనక్కీ కదిలి ఆయిల్ తోసే కడ్డీలు) వాటి బోర్‌లో బాగా కూర్చుని ఉంటాయి, వాటిని తీసి ఎక్కడ తయారైందో తెలీని డూప్లికేట్ ముక్క పెడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ. పెద్ద పంపుల సంగతి కూడా ఆలోచించా, ఫీడ్ ఒక్కటే పెంచి రిటర్న్ పెంచకపోతే ఆయిల్ ఇంజిన్ కింది భాగమైన క్రాంక్ కేస్‌లోనే నిండిపోతుంది, వేస్తే రెండూ జతగా వెయ్యాలి, నాలాగా అరవై డెబ్భై స్పీడ్‌లో పోయేవాడికి అదంతా ఎందుకు. అందుకే ముందు పైనుంచి ఎంత తెలుస్తుందో అంత చూసి, ఆ తర్వాతే పంపులుండే టైమింగ్ కవర్ విప్పుదామని డిసైడ్ అయ్యా.

మొదటి టెస్ట్ చాలా ఈజీ. బండి వేడెక్కేదాకా నడిపి ఆపాక డిప్‌స్టిక్ చూసి పెట్టుకున్నా, తర్వాత కొన్నాళ్ళు కదపకుండా స్టాండ్ వేసి మళ్ళీ చూశా. లెవల్ కాస్త దిగింది, కిక్ కొట్టగానే సైలెన్సర్ నుంచి తెల్లగా పొగ వచ్చి రెండు నిమిషాల్లో క్లియర్ అయింది, నడిపాక లెవల్ మళ్ళీ పైకొచ్చింది. అంటే ఆయిల్ ఎక్కడికీ పోవట్లేదు, బండి నిలబడి ఉన్నప్పుడు ఫీడ్ పంప్ డిస్క్ (ఆయిల్ దారి తెరిచి మూసే బిళ్ళ) సరిగ్గా సీల్ కాక ట్యాంక్ నుంచి క్రాంక్ కేస్‌లోకి కారుతోంది. పాత బుల్లెట్లలో ఇది మామూలే, చాలామంది ఈ పొగ చూసి రింగులు పోయాయని బోర్ పని చేయించేస్తారు, పాపం.

రెండోది రాకర్లకి పోయే పైపు బ్యాంజో బోల్ట్ (లోపల్నుంచి ఆయిల్ పోయే బోలు బోల్ట్) కొంచెం లూజ్ చేసి ఇంజిన్ స్లోలో పెట్టి చూడ్డం. ఆయిల్ ఆగకుండా ఊరుతూనే ఉంది. చాలామంది ఇక్కడితో ఆగి పంపులు ఓకే అనేస్తారు. నిజానికి దీనివల్ల తెలిసేది స్పిండిల్ తిరుగుతోంది, రిటర్న్ పంప్ లాగుతోంది, లాగడానికి కింద ఆయిల్ ఉంది, అంతవరకే. ఆ ఆయిల్ బిగ్ ఎండ్‌లోంచి దిగిందా, దారిలోనే ఎక్కడైనా లీకై కిందకి జారిందా అనేది పైనుంచి తెలీదు.

మూడోది ఆయిల్ తీసి పాత ఫెల్ట్ ఫిల్టర్ చీల్చి చూడ్డం. మడతల్లో సన్నగా మెరిసే పొడి కొంచెం ఉంది, అయస్కాంతం పెడితే అంటుకున్నది దాదాపు లేదు. అంటుకోకుండా మెరిసేది పిస్టన్‌ది కావచ్చు, బుష్‌ది కావచ్చు. రేకుల్లాంటి ముక్కలు లేవు కాబట్టి కంగారు పడలేదు గానీ, టైమింగ్ కవర్ విప్పాలని మాత్రం అప్పుడే గట్టిగా అనుకున్నా.

అన్న షెడ్డులోనే పక్కన కూర్చుని విప్పించా. నాకు కనువిప్పు అయింది పంపుల్లో కాదు, కవర్ లోపల క్రాంక్ కొస కూర్చునే చోట ఉండే చిన్న కార్క్ సీల్ దగ్గర. ఫీడ్ పంప్ పంపిన ఆయిల్ మొత్తం ఈ సీల్ దాటే క్రాంక్‌లోకి పోవాలి. గోరుతో నొక్కితే కార్క్ మెత్తగా ఉండాలి కదా, ఇది చెక్కలాగా గట్టిపడి, లోపలి అంచు ఒక పక్కన పగిలి పొడిపొడిగా రాలుతోంది. పంప్ ఎంత బాగా పనిచేసినా ఇక్కడ ఆయిల్ పక్కకి తప్పించుకుని టైమింగ్ పళ్ళ మీద పడి కిందకి జారిపోతుంది, రిటర్న్ పంప్ దాన్నే లాగి రాకర్లకి పంపుతుంది, పైన చూసే మనకేమో అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పంపులు మార్చాలా వద్దా అని ఇన్నాళ్ళు తల బద్దలు కొట్టుకున్నా గానీ అసలు బిగ్ ఎండ్ ప్రాణం ఆధారపడింది పది ఇరవై రూపాయల ముక్క మీద. అన్న కూడా దాన్ని చూసి, "గిది మాత్రం మార్చాల్సిందే" అన్నాడు.

తర్వాత పంప్ డిస్కులు. రిటర్న్ వైపు డిస్క్ అద్దంలా ఉంది, ఫీడ్ వైపు డిస్క్ మీద గుండ్రంగా సన్న గీతలు, వేలికి తగలవు గానీ గోరు ఆనుతుంది. కొత్తది కొనలేదు, సన్న గ్రైండింగ్ పేస్ట్ వేసి దాని సీటు మీదే మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ అరిగిన చోట వచ్చే బూడిద రంగు చుట్టూరా ఒకేలా వచ్చేదాకా అరగదీశాం. కడగడం ఇక్కడ చాలా ముఖ్యం, పేస్ట్ కొంచెం మిగిలినా పంపే దాన్ని తీసుకెళ్ళి బుష్‌లో వేస్తుంది, అందుకని కిరోసిన్‌తో కడిగి ప్రతి రంధ్రంలో గాలి కొట్టి మళ్ళీ కడిగాం. ప్లంజర్లు బోర్‌లో ఊగట్లేదు, వాటిని ముట్టుకోలేదు. స్ప్రింగులు రెండూ కొత్తవి వేశాం, ఖర్చు ఎంతని.

చివరికి మిగిలింది స్పిండిల్, వార్మ్. దీని దగ్గరే నాకూ అన్నకీ కుదర్లేదు. స్పిండిల్ పళ్ళు ఒకవైపు మెరుస్తూ కొంచెం సన్నబడ్డాయి, కొసలు ఇంకా చదునుగానే ఉన్నాయి, కత్తి అంచులా కాలేదు. ఇంకా చాలా నడుస్తది అన్నాడు, నిజమే నడిచేది కూడా. నేను మాత్రం మార్చమన్నా, ఎందుకంటే డిస్క్ అరిగితే పొగ రూపంలో చెబుతుంది, స్పిండిల్ చెప్పదు, పోయిందంటే రెండు పంపులూ పోయినట్టే. కొత్త స్పిండిల్ పాత వార్మ్‌తో కలిపితే రెండూ త్వరగా అరుగుతాయి కాబట్టి జతగానే తీసుకున్నాం. షాపులో మొదట చూపించిన జత పళ్ళ మీద మెషిన్ గీతలు గరుగ్గా ఉన్నాయి, అది వద్దని ఇంకో షాపులో కంపెనీ ప్యాకింగ్‌లో దొరికేదాకా తిరిగా. వార్మ్ విప్పేవాళ్ళకి ఒక మాట, అది ఎడమ మర, అలవాటులో మామూలు నట్టులా తిప్పితే విప్పే బదులు ఇంకా బిగించేస్తారు.

బిగించేటప్పుడు సిలికాన్ గమ్ ఎక్కువ పూయనివ్వలేదు, లోపలికి పిండుకుని వచ్చిన ముక్క ఆయిల్ దారికి అడ్డం పడితే చేసిందంతా వేస్ట్. పేపర్ గ్యాస్కెట్, దాని మీద పల్చగా ఒక పూత అంతే. ఫిల్టర్ గదిలో కొత్త 20డబ్ల్యూ50 ఆయిల్ నింపి, స్పార్క్ ప్లగ్ తీసేసి, రాకర్ దగ్గర ఆయిల్ కనిపించేదాకా కిక్ కొడుతూనే ఉన్నాం, కాలు పడిపోయింది అనుకోండి. ఆయిల్ వచ్చాకే ప్లగ్ పెట్టి స్టార్ట్ చేశాం.

మారేడుమిల్లి ఘాట్ మంచి ఎండలో ఎక్కించా, మధ్యలో రెండు చోట్ల ఆపి డిప్‌స్టిక్ చూసుకున్నా, లెవల్ కదల్లేదు. ఇప్పుడు వారం నిలబెట్టినా స్టార్టింగ్‌లో ఆ తెల్ల పొగ దాదాపు లేదు. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ మళ్ళీ చీల్చి చూస్తా, ఆ మెరిసే పొడి తగ్గితే కార్క్ సీల్ పని చేసినట్టు, తగ్గకపోతే బిగ్ ఎండ్ కోసం ఇంజిన్ దించక తప్పదు, దానికి డబ్బులు ఇప్పట్నుంచే కొంచెం కొంచెం పక్కన పెడుతున్నా.