కుర్చీలో మిగిలినవాడు

అల్పపీడనం వాయుగుండంగా మారిందని నిన్న రాత్రి వార్తల్లో చెప్పినప్పటి నుంచే మబ్బు దిగింది, తెల్లవారేసరికి నెల్లూరు మూలాపేటలో మా వీధి పిల్లకాలువలా పారుతోంది. బళ్లకూ కాలేజీలకూ సెలవు ఇచ్చారు. మా అక్క వేదాయపాళెం నుంచి ఆటోలో వచ్చి, ఇంటర్ చదివే కొడుకును మా ఇంట్లో దింపి, తాను తడుస్తూనే డ్యూటీకి వెళ్లిపోయింది. పడవలు వేటకు పోక మూడు రోజులైంది కాబట్టి చేపల మాటే లేదు. అమ్మ ఎండు నెత్తళ్లు, వంకాయలు ముందేసుకుని కూర్చుంది. ఇంటి నుంచే చేసే నా ఆఫీసు పని పదకొండు గంటలకే తెమిలిపోయింది. మిగిలిన రోజంతా సముద్రం అడుగున గడిపాను.

సముద్రం అడుగున అంటే ‘సోమా’ అనే వీడియో గేమ్‌లో. పేరు వినగానే మనవాళ్లకు సోమరసమో సోమవారమో గుర్తుకు రావచ్చు గానీ, గ్రీకు భాషలో ఆ మాటకు శరీరం అని అర్థం. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న సంస్థ దీన్ని 2015 సెప్టెంబరు 22న విడుదల చేసింది. రెండేళ్ల క్రితం నేను దీన్ని కొని, థీటా అనే స్థావరం దాకా ఆడి, అక్కడ చీకటి నడవల్లో తిరిగే ఒక భూతం చేతిలో ఐదారుసార్లు దెబ్బతిని, విసుగెత్తి వదిలేశాను. అప్పుడు భయపడి మానేశానని నలుగురికీ చెప్పుకున్నాను. అది నిజం కాదని ఈ డైరీలోనైనా రాసుకోవాలి. మొదటిసారి భయపడ్డాను, రెండోసారి చిరాకుపడ్డాను, మూడోసారికి అది ఎటు తిరుగుతుందో, ఏ మూల నక్కితే దాటిపోతుందో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. తాడని తేలిపోయిన పామును ఎన్నిసార్లు చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది?

గేమ్ వచ్చిన కొత్తలో విమర్శకుల్లో చాలామంది అన్నది కూడా దాదాపు ఇదే. పీసీ వెర్షన్‌కు, విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైట్‌లో నూటికి 84 పడ్డాయి కనుక మొత్తం మీద ఆదరణ బాగానే ఉన్నట్టు లెక్క. కథనూ, అది లేవనెత్తే ప్రశ్నలనూ, నీటి ఒత్తిడికి లోహం మూలుగుతున్నట్టుండే ఆ శబ్దాలనూ అందరూ మెచ్చుకున్నారు. మాన్‌స్టర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెదవి విరిచారు. ఆయుధం ఏదీ చేతికివ్వకుండా కేవలం దాక్కుంటూ, పరుగెత్తుతూ సాగాల్సిన ఘట్టాలు కథకు అడ్డం పడుతున్నాయనీ, ఒక చోట పదేపదే చస్తే అప్పటిదాకా కూడగట్టుకున్న భయం కాస్తా కరిగిపోతుందనీ రాశారు.

ఆటగాళ్ల సంగతి వేరు. వాళ్లలో చాలామంది ఇదే సంస్థ 2010లో తెచ్చిన ‘అమ్నీసియా: ది డార్క్ డిసెంట్’ను మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లు. ఆ గేమ్ ఆడుతూ కెమెరా ముందు కేకలు పెట్టిన వీడియోలు యూట్యూబ్‌లో ఎంతగా తిరిగాయో నా వయసువాళ్లందరికీ తెలుసు. ఆ లెక్కన గుండె ఆగిపోయేంత భయం కోసం వచ్చినవాళ్లకు ‘సోమా’లో భయం చాలలేదు, కథ కోసం వచ్చినవాళ్లకు ఆ కాస్త భయమూ ఎక్కువైంది. మొదటి పది రోజుల్లో 92 వేల ప్రతుల దాకా అమ్ముడయ్యాయని తయారీదారులే ప్రకటించారు. సుమారు ఐదేళ్ల శ్రమకు అది పండగ చేసుకోదగ్గ సంఖ్యేమీ కాదు. కానీ ఏడాది తిరిగేసరికి నాలుగున్నర లక్షలు దాటింది. ఆడినవాళ్లు పక్కవాళ్లకు చెప్పగా చెప్పగా, నెమ్మదిగా మంచిపేరు తెచ్చుకున్న గేమ్ ఇది.

ఈ లోపు ఆటగాళ్లలోనే ఒకరు, భూతాలు దాడి చేయకుండా ఉండే ఒక మార్పును తయారుచేసి, దానికి ‘వస్ మోడ్’ అని పేరు పెట్టి, గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే సైట్‌లో అందరికీ పంచారు. మన మాటల్లో చెప్పాలంటే పిరికిపందల పద్ధతి. ఆ పేరులోని వెటకారం నాకు బాగా నచ్చింది. ఎందుకంటే దాన్ని దించుకున్నవాళ్లు పిరికివాళ్లే కానక్కర్లేదు, నాలాంటి విసుగుపుట్టినవాళ్లు ఎంతమందో. చివరికి 2017 డిసెంబరులో ఎక్స్‌బాక్స్ వన్ అనే గేమింగ్ యంత్రంపై గేమ్‌ను విడుదల చేసినప్పుడు తయారీదారులే ‘సేఫ్ మోడ్’ అనే పద్ధతిని అధికారికంగా చేర్చారు. అందులో భూతాలు మాయమైపోవు. అవి అక్కడే తిరుగుతుంటాయి, మనల్ని మాత్రం చంపవు. గత వారం నేను మళ్లీ మొదటి నుంచి, ఆ సేఫ్ మోడ్‌లోనే మొదలుపెట్టాను.

మా మేనల్లుడికి ఇది తెలిసేసరికి ముఖం మాడిపోయింది. “ఏంది మామా, ఇది స్లిప్పులు పెట్టుకోని పరీక్ష రాసినట్టుండాది. దెయ్యం కొరకదని తెలిసినాక ఇంకెందుకు ఆడేది?” అన్నాడు. వాడికి సమాధానం చెప్పకుండా థీటా నడవల్లోకి దిగాను. రెండేళ్ల క్రితం నన్ను తరిమిన భూతం, అంటే కళ్లు పీకేసుకుని చప్పుడును బట్టి వెతుక్కుంటూ తిరిగే ఒకప్పటి మనిషి, ఈసారి నా పక్క నుంచే పోయింది. వీధిలో పిచ్చివాడు ఎదురైతే గోడ వారగా ఒదిగి నిలబడతామే, అలా నిలబడ్డాను. అప్పుడు నాలో కదిలింది జాలి. పరుగెత్తే అవసరం ఉన్నప్పుడు ఆ జాలి పుట్టడానికి వ్యవధి ఎక్కడిది? విమర్శకులు అడ్డంకి అన్నది దీన్నేనేమో.

అయినా మావాడి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ కూర్చున్నాక, చాలా గదుల్లో నేను మైపాడు బీచికి పోయినవాడిలా తీరిగ్గా తిరుగుతున్నానని గమనించాను. ప్రతి సొరుగూ తెరిచి చూడటం, ప్రతి కాగితమూ చదవటం. ఆ లోతులో చిక్కుకున్నవాడు అలా తిరగడు. ప్రాణభయం ఉంటేనే ఆ శరీరం నాదవుతుంది, అది లేకపోతే నేను ఒక కిటికీ వెనక నుంచి చూస్తున్నవాణ్ణి మాత్రమే. శరీరం అని పేరు పెట్టుకున్న గేమ్‌కు ఆ నష్టం చిన్నదేమీ కాదు. భూతాలను మొదట అలా పెట్టినవాళ్లది పూర్తిగా తప్పని అనేవాళ్లతో ఇప్పుడు నేను సగమే ఏకీభవిస్తాను.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు రాసుకుంటాను. టొరంటోలో ఉండే సైమన్ జారెట్ అనే యువకుడు కారు ప్రమాదంలో మెదడు దెబ్బతిని, 2015లో ఒక ప్రయోగాత్మక చికిత్స కోసం మెదడు స్కాన్ చేయించుకుంటాడు. కళ్లు మూసి తెరిచేసరికి 2104 అయి ఉంటుంది, అతను అట్లాంటిక్ అడుగున పాథోస్-2 అనే స్థావరంలో ఉంటాడు. ఏడాది క్రితమే ఒక తోకచుక్క ఢీకొని భూమి పైభాగం మసైపోయింది. లేచినవాడు సైమన్ కాదు, బ్యాటరీతో నడిచే ఒంట్లో ఉన్న సైమన్ నకలు. దారిలో కార్ల్ అనే ఒక యంత్రం, తాను గాయపడి పడి ఉన్న మనిషినేనని నమ్మకంగా చెబుతుంది. కరెంటు మళ్లించాలంటే దాన్ని బాధపెట్టాలి, లేదంటే చంపాలి. థీటాలో ఇంకో ఘోరం ఉంది. బ్రాండన్ వాన్ అనే చనిపోయినవాడి స్కాన్ నుంచి ఒక రహస్య సంకేతం రాబట్టడానికి అతన్ని కృత్రిమ లోకంలో నిద్ర లేపాలి, అతనికి అనుమానం రాగానే చెరిపేసి మళ్లీ కొత్తగా లేపాలి. ఇది ఆడుతున్నప్పుడు స్క్రీన్ మీద ఏ భూతమూ లేదు. మావాడు అప్పటిదాకా నములుతున్న మురుకు నోట్లోనే ఆగిపోయింది. “మామా, వాణ్ణి మనం ఎన్నిసార్లు చంపినట్టు?” అని మాత్రం అడిగాడు. స్లిప్పుల ప్రస్తావన మళ్లీ తేలేదు.

ఆటగాళ్లు చాలాకాలంగా చేసే ఫిర్యాదు ఒకటుంది: ఇంత జరిగినా సైమన్‌కు నకలు అంటే ఏమిటో బుర్రకెక్కదేమిటి, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతాడేమిటి అని. నేనూ అతన్ని కొంత విసుక్కున్నాను. కానీ దెబ్బతిన్న మెదడు నుంచి తీసిన నకలు అతను, పైగా అర్థం కావడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు బాగా తెలుసు. మా నాయన పోయిన మూడు నెలల దాకా పొద్దున్నే రెండు కాఫీలు కలిపిన అమ్మను చూసినవాణ్ణి. ఈ ఒక్క విషయంలో నేను ఫిర్యాదు చేసినవాళ్ల పక్షం కాదు.

నాలుగు గంటలకు కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద సాగించాను. అప్పటికి ఒమిక్రాన్ అనే చోటికి చేరాం. ఇంకా లోతైన అగాధంలోకి దిగాలంటే అక్కడి ఒత్తిడిని తట్టుకునే మరో ఒళ్లు కావాలి. సైమన్ కుర్చీలో కూర్చుంటాడు, కళ్లు తెరిస్తే కొత్త ఒంట్లో ఉంటాడు. కానీ పాత ఒంట్లో ఉన్న సైమన్ ఎటూ పోలేదు. ఏమీ జరగలేదేంటని కుర్చీలోంచి అడుగుతాడు. తోడుగా వచ్చిన క్యాథరిన్ అనే మరో నకలు గొంతు అతన్ని నిద్రపుచ్చుతుంది. కొన్నాళ్లకు లేస్తాడట. ఇప్పుడు ఆటగాడి ముందు ఉన్న దారులు రెండే: అతని బ్యాటరీ ఖాళీ చేసి నిద్రలోనే ముగించడం, లేదా అలాగే వదిలి పోవడం. దీని మీద గేమ్ ఆడినవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. చంపడమే దయ అని కొందరు, ఆ నిర్ణయం మనది కాదని కొందరు.

ఎప్పుడొచ్చిందో గానీ అమ్మ మా వెనక నిలబడి చూస్తోంది. మావాడు తనకు తెలిసినంతలో కథ వివరించాడు. భూతాల గురించి ఎంత ఆర్భాటంగా చెప్పినా ఆమె పట్టించుకోలేదు. కుర్చీ వైపు వేలు చూపించి, “వాడు లేచినాక పక్కన ఎవురుంటారు?” అంది. ఎవరూ ఉండరని చెప్పాను. “మనం ఇస్కపల్లి నుంచి సామాను ఎత్తుకోని వచ్చిన దినం మీ నాయనమ్మ అరుగు మీద అట్టనే కూర్చోనుండె. లారీ మలుపు తిరిగిందాకా చూస్తానే ఉన్నింది. రెండు దినాల్లో వచ్చి పిలుచుకోని పోతామని చెప్పి వచ్చినాం” అని, స్టవ్ మీద పాలు గుర్తుకొచ్చి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు నాకు ఆరేళ్లు. నాయనమ్మ నెల్లూరు ఎన్నడూ రాలేదని మాత్రం తెలుసు. ఎందుకు రాలేదో ఈ రోజు దాకా అడగలేదు, ఇవాళా అడగలేదు.

మావాడు మౌస్ నా చేతిలోంచి తీసుకోబోయి ఆగాడు. బ్యాటరీ తీసేయమన్నాడు, మళ్లీ వద్దన్నాడు. ఇన్వర్టర్ కూయడం మొదలుపెట్టింది. నేను ఏ మీటా నొక్కకుండా, ఆ గదిలో ఉన్నది ఉన్నట్టుగా గేమ్ మూసేశాను.

ఎనిమిది గంటలకు అక్క వచ్చి వాణ్ణి తీసుకెళ్లింది. ఇప్పుడు పదిన్నర. వాన తగ్గింది, చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. ఇంతకుముందే వాడి నుంచి మెసేజ్ వచ్చింది. వాడి కంప్యూటర్‌లో గేమ్ వేసుకున్నాడట, మామూలు పద్ధతిలోనేనట. మొదటి భూతం చేతిలో రెండుసార్లు చచ్చాడట. ఆ కింద ఇంకో లైను: “కుర్చీ దగ్గరికి వచ్చినాక ఫోన్ చేస్తా మామా, నిద్రపోవద్దు.”